క్రిస్మస్ కానుకగా పతంగి – దారం మాత్రం నూలుదే కావాలి

శంషాబాద్: డిసెంబరు నెల రాగానే పల్లెల్లోని క్రైస్తవ కుటుంబాల ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. పండుగకు పిల్లలకు కొత్త బట్టలు కుట్టించడం ఆనవాయితీ. బట్టలతో పాటు ఒక ఆటవస్తువు కూడా కొనివ్వాలన్న కోరిక తల్లిదండ్రులలో పెరుగుతున్నది. కాని బజారులో కొన్న బ్యాటరీ కారు నాలుగు రోజులు తిరిగి అయిదవ రోజు మూలకు చేరుతుంది. డబ్బు పోతుంది, పిల్లవాని సరదా తీరదు.

ఆరుబయట చూస్తే కోతలు ముగిసిన చేలు ఖాళీగా ఉంటాయి. చల్లని గాలి వీస్తూ ఉంటుంది. క్రిస్మస్ మొదలు సంక్రాంతి దాకా మూడు వారాలు పతంగుల కాలం. ఈ కాలానికి తగిన కానుక పతంగియే. ఖర్చు స్వల్పం, ఆట నెల రోజులు. అయితే విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లలో ఈ కానుక ఇచ్చేవారు రెండు సంగతులు తప్పక చూసుకోవాలి. ఒకటి దారం, రెండవది చోటు.

కాలానికో ఆట

పూర్వం పల్లెల్లో ఆటవస్తువులు కూడా పంటల వలెనే కాలాన్ని బట్టి వచ్చేవి. వానకాలంలో కాలువ నీటిలో కాగితపు పడవలు. నేల ఆరిన తరువాత గోలీలు, బొంగరాలు, చిర్రగోనె. ఎండకాలంలో ముంజలు తినగా మిగిలిన తాటికాయలు రెండింటిని పుల్లకు గుచ్చి, కొమ్మతో తోసుకుంటూ పోయే బండి. చలికాలంలో పతంగి. ఏ కాలపు ఆటకు ఆ కాలంలోనే రుచి.

ఇతర దేశాలలోనూ ఇదే పద్ధతి. మంచు కురిసే దేశాలలో క్రిస్మస్‌కు పిల్లలకు మంచు మీద జారే చెక్కబండ్లు కొనిస్తారు. ఆస్ట్రేలియాలో డిసెంబరు ఎండకాలం గనుక అక్కడి పిల్లలకు క్రికెట్ బ్యాట్లు, నీటిలో ఆడుకొనే సామాను కానుకలుగా వస్తాయి. పండుగ ఒకటే, ఆట మాత్రం ఆ నేలను, ఆ గాలిని బట్టి ఉంటుంది. మన నేలకు, మన గాలికి తగినది పతంగి.

బిషప్ తెచ్చిన బొమ్మ

తండ్రి తెచ్చే చిన్న బొమ్మ ఎంత పని చేయగలదో చెప్పడానికి శంషాబాద్ మీదుగా పోయే ప్రతి విమానం సాక్ష్యమే. అమెరికాలో మిల్టన్ రైట్ అనే బిషప్ ఉండేవారు. ఆయన 1878లో ఒకనాడు ఇంటికి వస్తూ పిల్లలకు ఒక ఎగిరే బొమ్మ తెచ్చారు. వెదురు, కాగితం, బెండు ముక్కలతో చేసిన బొమ్మ అది. రబ్బరు పట్టీని మెలితిప్పి వదిలితే పైకి లేచేది. అప్పటికి పెద్దవాడు విల్బర్‌కు 11 ఏళ్లు, చిన్నవాడు ఆర్విల్‌కు 7 ఏళ్లు. బొమ్మ విరిగేదాకా ఆడుకొని, తరువాత అటువంటివి వారే స్వయంగా చేసుకున్నారు.

ఆ అన్నదమ్ములే పెద్దయిన తరువాత 1899లో ఒక పెద్ద పతంగిని తయారుచేసి, రెక్కలను మెలితిప్పి గాలిలో అదుపు చేయడం ఎలాగో దాని మీదనే పరీక్షించారు. 1903 డిసెంబరు 17న, క్రిస్మస్‌కు సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, ఇంజను అమర్చిన విమానాన్ని ఎగురవేశారు. ఎగరడం పట్ల తమ ఆసక్తి మొదలైనది తండ్రి తెచ్చిన ఆ బొమ్మతోనే అని అన్నదమ్ములే చెప్పుకున్నారు. దాని విలువ స్వల్పమే. కాని అది ఎలా ఎగురుతుందో పిల్లలు చేత్తో పట్టుకొని చూసుకోగలిగిన వస్తువు.

చట్టం కంటికి పతంగీ విమానమే

పతంగి వట్టి ఆటవస్తువు అనుకోవడం పొరపాటు. మన దేశంలో 1934లో వచ్చిన విమానాల చట్టం ‘విమానం’ అనే మాటకు అర్థం చెబుతూ బెలూన్లతో పాటు పతంగులను కూడా అందులో చేర్చింది. 2025 జనవరి 1 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ఆకాశంలో ఎగిరే వస్తువు చిన్నదైనా పెద్ద విమానానికి అడ్డం కాకూడదన్నదే ఇందులోని భావం.

శంషాబాద్ విమానాశ్రయానికి 2005 మార్చిలో శంకుస్థాపన జరిగింది. 2008 మార్చి 23న ఇక్కడ నుంచి విమానాల రాకపోకలు ప్రారంభమయ్యాయి. అంతవరకు ప్రయాణీకుల విమానాలు నడిచింది బేగంపేట నుంచి. శంషాబాద్‌లోని ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. అది తూర్పు పడమరలుగా ఉన్నది. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. పతంగి కూడా గాలికి ఎదురుగా ముఖం పెట్టినప్పుడే పైకి లేస్తుంది. ఈ సూత్రం రెండింటికీ ఒక్కటే. బడిపిల్లలకు ఈ సంగతి పుస్తకంలో చదివించడం కంటే పతంగి చేతికిచ్చి చూపించడం తేలిక.

ఎగరేసే చోటు

దిగే విమానం ఒక్కసారిగా కిందికి రాదు. ఏటవాలుగా, సుమారు మూడు డిగ్రీల కోణంలో దిగుతూ వస్తుంది. ఆ లెక్కన రన్‌వే కొసకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు అది నేలకు సుమారు 120 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. ఒక కిలోమీటరు దూరానికి వచ్చేసరికి ఆ ఎత్తు దాదాపు సగానికి తగ్గుతుంది. చరఖా నిండా దారం చుట్టుకొన్న కుర్రవాడు పతంగిని అంత ఎత్తుకు పంపడం కష్టం కాదు. కనుక రన్‌వేకు తూర్పు, పడమర కొసలకు సూటిగా ఉన్న చేలలో, విమానాలు తక్కువ ఎత్తులో పోయేచోట పతంగి ఎగరవేయడం ఎంతమాత్రం తగదు.

మరొక సంగతి కూడా ఉన్నది. తెగిన పతంగి గాలి పోయే వైపే పోతుంది. తూర్పుగాలి వీచే రోజున విమానాశ్రయం గోడకు తూర్పున ఎగరేసిన పతంగి తెగితే అది నేరుగా రన్‌వే వైపు కొట్టుకుపోతుంది. గాలి మారితే ఈ ప్రమాదం మరొక వైపు ఊళ్లకు మారుతుంది. గోడకు దూరంగా ఉన్న చెరువు గట్టు పక్క బీడు, బడి ఆటస్థలం ఈ ఆటకు తగిన చోట్లు. మేడ మీద పిట్టగోడ లేనిచోట ఆడరాదు. కరెంటు తీగలున్న చోటా ఆడరాదు. తీగకు చిక్కిన పతంగిని కర్రతో లాగబోయి ప్రాణాలు పోగొట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. పోయిన పతంగి పోనీ, ఇంకొకటి చేసుకోవచ్చు.

దారం దగ్గరే అసలు జాగ్రత్త

పూర్వం మాంజా అంటే నూలు దారానికి అన్నం జిగురు, రంగు, గాజుపొడి పట్టించి ఆరబెట్టినది. అది వేళ్లను కోసేది, కాని గట్టిగా లాగితే తెగేది. ‘చైనా మాంజా’ అనే పేరుతో అమ్మే నైలాన్ దారం అటువంటిది కాదు. అది తెగదు, నానదు, కుళ్లదు. రోడ్డుకు అడ్డంగా వేలాడితే బండి మీద వచ్చేవారి కంటికి కనబడదు. 2024 జనవరిలో, సంక్రాంతికి ముందు, హైదరాబాద్ లంగర్‌హౌజ్ వద్ద వంతెన మీద మోటారు సైకిలుపై పోతున్న ఒక సైనికుని మెడకు మాంజా చుట్టుకొని ఆయన మరణించారు. పండుగ రోజులలో ఇటువంటి గాయాలు ఏటా వింటున్నవే.

తెలంగాణ ప్రభుత్వం 2016 జనవరిలోనే నైలాన్ మాంజాను నిషేధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో నైలాన్, ఇతర కృత్రిమ దారాలతో చేసిన మాంజాను దేశమంతటా నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. తయారీ, అమ్మకమే కాదు, కొనడం, వాడడం కూడా తప్పే. అయినా చాటుమాటుగా అమ్మేవారు ఉన్నారు. కొనేవారు లేకపోతే అమ్మేవారు ఉండరు. పిల్లవానికి తెలియదు, పక్కవాని పతంగిని కోయాలన్నదే వాని ధ్యాస. దుకాణంలో దారాన్ని చేత్తో పట్టి చూడవలసినది తండ్రి. చేత్తో లాగితే తెగని దారం ఇంటికి తేకూడదు. గాజుపొడి లేని సాదా నూలు దారం చిన్నపిల్లలకు చాలు. పేంచు వేయకపోయినా పతంగి ఎగురుతుంది.

ఇంట్లోనే తయారీ

నగరంలో ధూల్‌పేట కుటుంబాలు పతంగుల తయారీకి పేరుపడ్డాయి. గుల్జార్‌హౌజ్ దుకాణాలలో రంగురంగులవి దొరుకుతాయి. అంత దూరం పోలేనివారు ఇంట్లోనే చేసుకోవచ్చు. చదరంగా కత్తిరించిన పలుచని కాగితం, రెండు సన్నని వెదురు పుల్లలు, కొద్దిగా మైదా జిగురు ఉంటే చాలు. ఒక పుల్లను మూల నుంచి మూలకు నిలువుగా అంటించాలి. దానికంటే కొంచెం పొడవైన రెండవ పుల్లను బాగా చెక్కి, విల్లు వలె వంచి అడ్డంగా అంటించాలి. విల్లు రెండు వైపులా సమంగా వంగకపోతే పతంగి ఒక పక్కకు ఒరుగుతుంది. పుల్లలు కలిసేచోట ఒక ముడి, నిలువు పుల్లకు కింది భాగంలో మరొక ముడి వేసి, ఆ రెండు దారాలను కలిపి సూత్రం కట్టాలి. కింది దారం కొంచెం పొడవుంటే పతంగి తేలికగా లేస్తుంది. మరీ గిరగిర తిరుగుతుంటే కింద కాగితపు తోక అతికించవచ్చు.

క్రిస్మస్ ముందు రాత్రి తండ్రి, పిల్లలు కలిసి కూర్చుంటే గంటలో రెండు పతంగులు తయారవుతాయి. మొదటిది ఎగరకపోవచ్చు. ఎందుకు ఎగరలేదో చూసుకొని రెండవది చేస్తే అది ఎగురుతుంది. కొన్న బొమ్మలో ఈ సంతోషం లేదు. గుడిలో ప్రార్థన ముగించుకొని, భోజనాలు అయిన తరువాత, పిల్లలతో పాటు పెద్దలూ చేలకు పోతే దారం ఎటు పోతున్నదో చూసేవారు పక్కన ఉన్నట్లవుతుంది.

ఆట ముగిసిన తరువాత ఇంకొక చిన్న పని మిగిలి ఉంటుంది. చెట్ల కొమ్మలకు, కంచెలకు చిక్కిన దారాన్ని పిల్లల చేతనే ఏరించి చుట్టి పారవేయించాలి. పావురాలు, కొంగలు, గద్దలు ఆ దారంలో చిక్కుకొని రెక్కలు కోసుకొని చనిపోతుంటాయి. పండుగ నాడు పిల్లవాడు తన పతంగిని ఎగరేసిన ఆకాశంలోనే మరునాడు ఆ పక్షులూ ఎగరాలి.