పాత బుల్లెట్టూ, కొత్త బుల్లెట్టూ

పాత బండిమీద మోజున్న వారిని కొత్త బండి ఎలా వుందని అడగడం, అత్తగారిని కోడలి వంట సంగతి అడగడం వంటిదే. జవాబు వస్తుంది, కాని ముందొక నిట్టూర్పు వస్తుంది.

మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ 1955లో ఏర్పడింది. ఆనాటి బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. దాన్ని స్టార్టు చేయడం ఒక విద్య. కిక్కు రాడ్డును మెల్లగా నొక్కుతూ అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి. డీకంప్రెషన్ మీట పట్టి పిస్టన్‌ను కాస్త దాటించాలి. అప్పుడు ఒక్క తన్ను! తొందరపడితే ఆ రాడ్డు తిరిగి మన కాలినే తంతుంది.

2023లో వచ్చిన బుల్లెట్‌కు ఈ మర్యాదలేవీ అక్కరలేదు. బొత్తాం నొక్కితే చాలు. కిక్కు రాడ్డే లేదు. దాని 349 సి.సి. ఇంజనుకు పెట్రోలు కొలిచి పోసేది కార్బొరేటరు కాదు, ఎలక్ట్రానిక్ యంత్రం. అది మొరాయిస్తే స్పానరూ, ఉప్పుకాగితమూ పట్టుకుని రోడ్డుపక్కన కూర్చుని లాభం లేదు. పాతవారి అసలు దుఃఖం అదే: బండి తమ చేతిమాట వినడం మానేసింది.

అయితే న్యాయం చెప్పుకోవాలి. వానలో పాత డ్రమ్ము బ్రేకు గట్టిగా పట్టితే చక్రం బిగుసుకుని బండి జారుతుంది. 125 సి.సి. దాటిన బళ్ళన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏ.బి.ఎస్. తప్పనిసరి అయింది. కనీసం ముందు చక్రాన్ని అది బిగుసుకోనివ్వదు. కాలేజీకి బయలుదేరిన పిల్లవాడికి ఏ బండి తాళం ఇవ్వాలో వేరే చెప్పాలా?

పాతదాన్ని ఆదివారంనాడు తుడిచి, ఆ చప్పుడు తనివితీరా వినండి. సోమవారం మాత్రం కొత్తదానిమీదే వెళ్ళండి.