గేమ్ ‘కొన్నాం’ అంటే మనదైనట్టేనా? పబ్‌జీ నుంచి ది క్రూ దాకా అసలు సంగతి

పొద్దున ఉప్పల్‌లో రాయదుర్గం మెట్రో ఎక్కి చూడండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, చుట్టూ ఏం జరుగుతోందో పట్టించుకోకుండా ఆడేవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. స్క్రీన్ మీద బీజీఎంఐ, లేదంటే ఫ్రీ ఫైర్ మ్యాక్స్. మా జవహర్‌నగర్, నాచారం వైపు టీ కొట్ల దగ్గర కూడా ఇదే సీన్. గేమ్ ఫ్రీయే. కానీ రాయల్ పాస్‌కి కొంత, గన్ స్కిన్‌కి కొంత అంటూ యూపీఐలో వంద, రెండొందలు అలా వెళ్తూనే ఉంటాయి. పీసీ, ప్లేస్టేషన్ ఉన్నవాళ్లయితే ఒక్కో గేమ్‌కే వేలు పెడతారు.

మరి ఆ డబ్బుతో మనం కొన్నది ఏంటి? రేపు ఆ గేమ్ ఆగిపోతే మన చేతిలో మిగిలేది ఏంటి?

మామూలుగా మనం ఏ ఫోన్‌లో 90 ఎఫ్‌పీఎస్ వస్తుంది, ఏది తొందరగా వేడెక్కదు అనేవి మాట్లాడుకుంటాం. ఈసారి ఫోన్‌ని పక్కన పెట్టి, అందులో మనం డబ్బులు పెట్టే గేమ్‌ల మీద మనకున్న హక్కు ఎంతో చూద్దాం.

పబ్‌జీ విషయంలో ఏం జరిగింది?

మనలో చాలామందికి ఇది సొంత అనుభవమే. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద 118 యాప్‌లని బ్లాక్ చేసింది. అందులో పబ్‌జీ మొబైల్, పబ్‌జీ మొబైల్ లైట్ రెండూ ఉన్నాయి. అప్పటికే ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లకి ఇంకొన్ని రోజులు నడిచింది. అక్టోబర్ 30న ఇండియా యూజర్లకి సర్వర్లు కూడా ఆపేశారు.

2021 జూలై 2న క్రాఫ్టన్ కంపెనీ బీజీఎంఐ పేరుతో ఇండియా వెర్షన్ తెచ్చింది. పాత అకౌంట్‌లో ఉన్నవి కొత్తదానిలోకి మార్చుకునే ఛాన్స్ ఇచ్చింది. దానికి 2021 డిసెంబర్ 31 దాకా గడువు పెట్టింది. ఆ లోపు చూసుకోనివాళ్ల పాత ఇన్వెంటరీ పోయినట్టే.

కథ అక్కడితో అయిపోలేదు. 2022 జూలై 28న బీజీఎంఐ కూడా ప్లే స్టోర్, యాప్ స్టోర్ నుంచి మాయమైంది. పది నెలల తర్వాత, 2023 మే నెలలో, మూడు నెలల ట్రయల్ పర్మిషన్‌తో తిరిగొచ్చింది.

బ్యాన్ కరెక్టా తప్పా అనేది వేరే చర్చ. నేను చెప్పేది ఇంకొకటి. ఆపినప్పుడు గానీ, తిరిగి ఇచ్చినప్పుడు గానీ, గడువు పెట్టినప్పుడు గానీ డబ్బు కట్టిన ప్లేయర్‌ని అడిగినవాళ్లు లేరు. డేటా ట్రాన్స్‌ఫర్ వచ్చిందంటే అది కంపెనీ ఇచ్చింది కాబట్టి వచ్చింది. ఇవ్వకపోయి ఉంటే? ‘నా యూసీ నాకు ఇవ్వండి’ అని గట్టిగా అడగడానికి మన దగ్గర స్పష్టమైన రూల్ ఏదీ లేదు.

టెక్నికల్‌గా మనం కొన్నది ఏంటి?

ఇది కాస్త సింపుల్‌గా చెప్తా. మీరు గన్ స్కిన్ కొన్నప్పుడు మీ ఫోన్‌లోకి ప్రత్యేకంగా ఏ వస్తువూ రాదు. ఆ స్కిన్ బొమ్మలు దాదాపుగా అందరి ఫోన్‌లోనూ ఉంటాయి, లేకపోతే వేరే ప్లేయర్ మీ గన్‌ని ఎలా చూడగలడు? కంపెనీ సర్వర్‌లో మీ అకౌంట్ ఐడీ పక్కన ‘ఈ స్కిన్ ఇతనికి ఉంది’ అని ఒక ఎంట్రీ పడుతుంది. మీరు కొన్నది ఆ ఎంట్రీ. సర్వర్ వాళ్లది, డేటాబేస్ వాళ్లది, ఎంట్రీ తీసేసే పవర్ కూడా వాళ్లదే.

పూర్తి ధర పెట్టి కొన్న గేమ్‌ల సంగతి కూడా చాలావరకు ఇంతే. స్టార్ట్ చేసినప్పుడు గేమ్ సర్వర్‌ని అడుగుతుంది: ‘ఇతనికి లైసెన్స్ ఉందా?’ సర్వర్ ఉంది అంటే ఓపెన్ అవుతుంది. జవాబే రాకపోతే 100 జీబీ ఫైల్ మీ ఎస్ఎస్‌డీలో ఉన్నా వేస్ట్.

మనం చదవకుండా ‘ఐ అగ్రీ’ కొట్టే టర్మ్స్‌లో ఉండేది కూడా దాదాపు ఇదే: మీకు ఇచ్చేది వాడుకునే అనుమతి, వేరేవాళ్లకి మార్చడానికి లేదు, మేము ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. బటన్ మీద మాత్రం ‘బై’ అని ఉంటుంది.

ది క్రూ: ప్రపంచం మొత్తం మాట్లాడుకున్న కేసు

యూబీసాఫ్ట్ 2014 డిసెంబర్‌లో ది క్రూ అనే కార్ రేసింగ్ గేమ్ రిలీజ్ చేసింది. అమెరికా మ్యాప్ మీద మనం ఒక్కరమే తిరుగుతూ ఆడుకోవచ్చు. కానీ ఒంటరిగా ఆడాలన్నా ఇంటర్నెట్ ఉండాల్సిందే. 2023 డిసెంబర్‌లో గేమ్‌ని స్టోర్లలోంచి తీసేశారు. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత కొన్నవాళ్ల అకౌంట్లలోంచి లైసెన్స్ కూడా తీసేయడం మొదలుపెట్టారు. డిస్క్ కొన్నవాళ్లకి మిగిలింది ప్లాస్టిక్ ముక్క.

దీనిమీద కోపంతో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024 ఏప్రిల్‌లో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. యూరప్‌లో చట్టం కోసం పెట్టిన పిటిషన్ 2025 జూలైలో 10 లక్షల సంతకాలు దాటింది. వాళ్లు అడిగేది చిన్నదే. సర్వర్లు ఎప్పటికీ నడపమని అనట్లేదు. ఆపే రోజున గేమ్‌ని ఏదో ఒక రకంగా ఆడుకోగలిగే స్థితిలో వదిలి వెళ్లండి అంటున్నారు.

కంపెనీల వాదన కూడా వినాలి. ఆన్‌లైన్ గేమ్‌ని ఆఫ్‌లైన్ చేయడం ఖర్చుతో కూడిన పని, ప్రైవేట్ సర్వర్లలో సెక్యూరిటీ, కంటెంట్ బాధ్యత ఎవరిది, కార్ల కంపెనీలతో, మ్యూజిక్ కంపెనీలతో ఉన్న ఒప్పందాలు ముగిస్తే ఏం చేయాలి అని అడుగుతాయి. ఇందులో కొంత నిజం ఉంది. పదేళ్ల కిందటి కోడ్‌లో సర్వర్ డిపెండెన్సీ తీయడం ఎంత తలనొప్పో సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఎవర్ని అడిగినా చెప్తారు. కానీ మొదటి రోజే డిజైన్‌లో అనుకుంటే అంత కష్టం ఉండదు. ఈ గొడవ తర్వాత అదే యూబీసాఫ్ట్ ది క్రూ 2కి ఆఫ్‌లైన్ మోడ్ తెస్తామని 2024లో ప్రకటించింది, ఆ తర్వాత తెచ్చింది కూడా. అంటే కుదురుతుంది. అడిగేవాళ్లు ఉండాలి, అంతే.

రీఫండ్ విషయం కూడా ఇలాగే ఉంటుంది. సోనీ కాంకర్డ్ గేమ్‌ని 2024 ఆగస్టు 23న రిలీజ్ చేసి, రెండు వారాలకే ఆపేసి, కొన్నవాళ్లకి డబ్బు వెనక్కి ఇచ్చింది. గూగుల్ 2023 జనవరిలో స్టేడియా మూసేసినప్పుడు గేమ్‌ల డబ్బు ఇచ్చేసింది. మంచి పనే. కానీ ఇవి కంపెనీ ఇష్టంతో జరిగాయి. వేరే కంపెనీ వేరేలా చేస్తే ఏం చేస్తాం?

సాఫ్ట్‌వేర్ ‘సరుకు’ అని తేల్చింది మన రాష్ట్రం కేసులోనే

ఇది చాలామంది గేమర్లకి తెలియని విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను వేసింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ దీన్ని కోర్టులో సవాల్ చేసింది. సాఫ్ట్‌వేర్ కంటికి కనిపించని మేధో సంపత్తి, సరుకు ఎలా అవుతుంది అనేది వాళ్ల వాదన. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తేల్చేసింది: సీడీలాంటి వాటిలో వచ్చే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకే. దాన్ని కొనొచ్చు, అమ్మొచ్చు, దాచుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు కాబట్టి పన్ను కట్టాల్సిందే అని.

అది పన్ను కేసు. దాన్ని పట్టుకుని నేరుగా ‘నా గేమ్ నాదే’ అనలేం. పైగా అది సీడీల కాలం. ఇప్పుడు డిస్క్ లేదు, డౌన్‌లోడ్ ఉంది, దానితో పాటు లైసెన్స్ టర్మ్స్ ఉన్నాయి. కానీ ఒక్కసారి ఆలోచించండి. పన్ను వసూలు చేసేటప్పుడు సరుకు అయిన వస్తువు, కొన్నవాడు హక్కు అడిగేటప్పుడు ఉత్త అనుమతి ఎలా అయిపోయింది? సరుకు అనడానికి కోర్టు చూసిన గుణాల్లో దాచుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం ఉన్నాయి కదా. డిజిటల్ గేమ్‌లో మన నుంచి తీసేసుకున్నవి సరిగ్గా అవే. సికింద్రాబాద్ సీటీసీ వైపు షాపుల్లో పాత డిస్క్ ఇచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు, మీ డిజిటల్ లైబ్రరీని మాత్రం తమ్ముడి పేరు మీదకి కూడా మార్చలేరు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి 1 నుంచి ఒక చిన్న అడుగు వేసింది. ఎప్పటికీ ఆఫ్‌లైన్‌లో దాచుకునే డౌన్‌లోడ్ ఇవ్వకుండా ‘బై’ అని రాస్తే, ఇది లైసెన్స్ మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ అయితే 2024 అక్టోబర్ నుంచే కార్ట్‌లో ఆ లైన్ పెట్టింది. హక్కు రాలేదు గానీ, కనీసం నిజం చెప్తున్నారు.

ఏది ఎంతవరకు మనది?

ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇచ్చే గేమ్: జీఓజీ లాంటి స్టోర్‌లో కొంటే ఇన్‌స్టాలర్ ఫైల్‌ని హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు. స్టోర్ మూతపడినా ఆడొచ్చు. సొంతానికి దగ్గరగా ఉన్నది ఇదే.

డిస్క్: గేమ్ మొత్తం డిస్క్‌లో ఉండి, ఇంటర్నెట్ లేకుండా నడిస్తే మంచిదే. అమ్ముకోవచ్చు కూడా. ఎప్పుడూ ఆన్‌లైన్ కావాలంటే మాత్రం ది క్రూ కథే.

డిజిటల్ స్టోర్ గేమ్: అకౌంట్ ఉన్నంతవరకు మీది. అకౌంట్ బ్యాన్ అయితే లైబ్రరీ మొత్తానికి ఎఫెక్ట్ పడొచ్చు.

యూసీ, డైమండ్స్, స్కిన్‌లు: సర్వర్ నడిచినంత కాలమే. సినిమా టికెట్ కొన్నట్టు అనుకోండి.

డబ్బు పెట్టి ఆడే గేమ్‌ల వాలెట్: ఇది వేరే లెక్క. తెలంగాణ 2017లోనే వీటిని నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో దేశమంతా ఆగాయి. అప్పుడు పెద్ద యాప్‌లు వాలెట్‌లోని డబ్బు తీసుకోవచ్చని చెప్పాయి, ఎందుకంటే అది రూపాయల్లో ఉన్న మీ డబ్బు. అదే యూసీగా మారిన రూపాయి మళ్లీ రూపాయి అవ్వదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

మన చట్టం ఏం ఇస్తుంది?

మన దగ్గర గేమ్‌ల కోసం ప్రత్యేక రూల్ లేకపోయినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఆన్‌లైన్‌లో డిజిటల్ ప్రొడక్ట్‌లు అమ్మడం కూడా దాని పరిధిలోకి వస్తుంది. సరైన కారణం లేకుండా ఒకవైపు నుంచే కాంట్రాక్ట్ రద్దు చేసుకునే క్లాజ్‌ని ‘అన్యాయమైన కాంట్రాక్ట్’ కింద సవాల్ చేయొచ్చు. దానికి రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. డబ్బు కట్ అయి ఐటమ్ రాకపోవడం, సేవలో లోపం లాంటివైతే జిల్లా కమిషన్ చాలు.

స్టెప్స్ ఇలా ఉంటాయి. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కాల్ చేయండి. అప్పటికీ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. టర్మ్స్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉన్నంత మాత్రాన కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లకూడదని లేదు, సుప్రీంకోర్టు 2018లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో ఈ విషయం చెప్పింది.

ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. కంపెనీకి ఇండియాలో ఆఫీస్ లేకపోతే నోటీస్ అందించడమే కష్టం. ప్రభుత్వ ఆదేశంతో ఆగితే కంపెనీ ‘మా చేతుల్లో లేదు’ అంటుంది. అందుకే బ్యాన్ అయినా, మూతపడినా, కట్టిన డబ్బు సంగతి ఏంటో ముందే చెప్పే రూల్ మనకి కావాలి.

డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

ఒకటి, ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి గేమ్ ఓపెన్ చేయండి. ఓపెన్ కాకపోతే అది మీ చేతిలో లేనట్టే. రెండు, గెస్ట్ అకౌంట్‌తో ఆడకండి, రికవర్ చేసుకోగలిగే మెయిల్‌కి లింక్ చేయండి. మూడు, యూసీ లాంటివి కావాల్సినన్నే కొనండి, ఆఫర్ ఉందని పెద్ద ప్యాక్ కొని దాచుకోవద్దు. నాలుగు, బిల్ మెయిల్స్, యూపీఐ స్క్రీన్‌షాట్‌లు ఒక ఫోల్డర్‌లో ఉంచండి, కంప్లైంట్‌కి అవే ఆధారం. ఐదు, రీఫండ్ టైమ్ తెలుసుకోండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే అడగొచ్చు. ప్లే స్టోర్‌లో అయితే 48 గంటల్లోపు అడగడం మంచిది.

ఇంతా చెప్పింది గేమ్‌లు ఆడొద్దని కాదు. నచ్చిన స్కిన్ కొనుక్కోండి, హ్యాపీగా ఆడండి. కాకపోతే ఫోన్ కొనేటప్పుడు వారంటీ ఎంత, అప్‌డేట్స్ ఎన్నేళ్లు అని అడుగుతాం కదా. గేమ్‌కి కూడా అదే ప్రశ్న వేయండి: ‘ఇది ఎన్నాళ్లు నడుస్తుంది, ఆగిపోతే నాకేం మిగులుతుంది?’ దీనికి ఏ కంపెనీ జవాబు చెప్తుందో, మీ తర్వాతి వెయ్యి రూపాయలు ఆ కంపెనీకి ఇవ్వండి.