నాడీ వ్యాధులకు మూలకణాలు – పరిశోధన ఎంతవరకు వచ్చింది?

విజయవాడ: పక్షవాతంతో మంచాన పడిన తండ్రి, ఆటిజంతో మాట రాని బిడ్డ, వెన్నుపాము గాయంతో కాళ్లు చచ్చుబడిన యువకుడు ఉన్న ఇంట ‘మూలకణాలతో నయమవుతుంది’ అన్న మాట ఎంతో ఆశ రేకెత్తిస్తుంది. కృష్ణా డెల్టా గ్రామాల నుంచి పెద్ద వైద్యం కోసం నగరాలకు తరలివచ్చే కుటుంబాలు పొలం అమ్మి డబ్బు చెల్లించే ముందు, ఈ రంగంలో శాస్త్రం ఎంతవరకు పురోగమించిందో, నిబంధనలు ఏమి చెబుతున్నాయో తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

స్టెమ్ సెల్స్‌గా వ్యవహరించే మూలకణాలు తమ సంఖ్యను తామే పెంచుకుంటూ, ఇతర కణాలుగా మారగల శక్తి కలిగి ఉంటాయి. ఎముక మజ్జలోని మూలకణాలు రక్తకణాలను తయారుచేస్తాయి. అందువల్లనే రక్త క్యాన్సర్, తలసేమియా వంటి వ్యాధులలో మజ్జ మార్పిడి ఆమోదిత చికిత్సగా నిలిచింది.

కంటి వైద్యంలోనూ మన రాష్ట్రాల అనుభవం చెప్పుకోదగినది. విజయవాడ సమీపంలోని తాడిగడపలో కూడా ప్రాంగణం ఉన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలను పెంచి, రసాయనాలు పడి దెబ్బతిన్న కళ్లకు అమర్చే విధానాన్ని 2001లో హైదరాబాదులో ప్రారంభించింది. 200 మంది రోగుల ఫలితాలను 2011లో ప్రచురించగా, వారిలో 71 శాతం మందికి శస్త్రచికిత్స సఫలమైంది.

అయితే మెదడు సంగతి వేరు. ఒక్కొక్క నాడీకణం వేలాది ఇతర కణాలతో అనుసంధానమై ఉంటుంది. కొత్త కణం బతికినంత మాత్రాన చాలదు. సరైన చోట, సరైన కణాలతో సంబంధం ఏర్పరచుకోవాలి. అదుపు తప్పి పెరిగితే కణితిగా మారే ప్రమాదమూ ఉంది.

పక్షవాత రోగులకు వారి మజ్జ కణాలనే రక్తనాళం ద్వారా ఎక్కించి, మన దేశంలోని పలు కేంద్రాలలో 120 మందిపై ప్రయోగ పరీక్ష నిర్వహించారు. 2014లో వెలువడిన ఫలితాల ప్రకారం ఈ విధానం సురక్షితమే అయినా, అదనపు ప్రయోజనం కనిపించలేదు. పార్కిన్సన్స్ వ్యాధిపై జపాన్‌లో ఏడుగురికి, అమెరికా, కెనడాలలో 12 మందికి జరిపిన పరీక్షల ఫలితాలు 2025 ఏప్రిల్‌లో వెలువడ్డాయి. అవి ఆశాజనకమే అయినప్పటికీ, ప్రధానంగా భద్రతను పరిశీలించేందుకు ఉద్దేశించిన చిన్న పరీక్షలు మాత్రమే.

భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2007లో రూపొందించిన మార్గదర్శకాల శీర్షికలో ‘పరిశోధన, చికిత్స’ అని ఉండగా, 2013లో ‘చికిత్స’ అన్న పదాన్ని తొలగించడం గమనార్హం. 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు ఆమోదించిన మార్పిడులు మినహా, రోగులపై మూలకణాల వినియోగం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో భాగంగానే జరగాలి. ఆటిజంకు ఈ చికిత్సను సిఫారసు చేయరాదని జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులో స్పష్టం చేసింది.

ఈ నేపథ్యంలో ఏదైనా ప్రకటన వెలువడినప్పుడు పాత్రికేయులు, అధికారులు కొన్ని అంశాలను పరిశీలించాలి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఆ పరీక్ష నమోదైనదా? ఔషధ నియంత్రణ సంస్థ, నైతిక సంఘం అనుమతులు ఉన్నాయా? రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి పత్రం తీసుకున్నారా? పరిశోధనకు అయ్యే ఖర్చును రోగి నుంచి వసూలు చేస్తున్నారా? నిజమైన ట్రయల్‌లో రోగి ఆ ఖర్చు భరించవలసిన పని లేదు. పరీక్ష వల్ల హాని కలిగితే 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం వైద్యం, పరిహారం పొందే హక్కు కూడా అతనికి ఉంది.

పక్షవాతానికి నేడు రుజువైన మార్గం వేగమే. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతంలో, గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోగా ఇవ్వాలి. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడడం కనిపించిన వెంటనే 108కి ఫోను చేయాలి. దివిసీమ వంటి మారుమూల ప్రాంతాల రోగులకు కాలయాపన మరింత నష్టం కలిగిస్తుంది. మూలకణాల పరిశోధన ఫలించే వరకు నాడీ రోగులను కాపాడేవి సకాల వైద్యం, రక్తపోటు అదుపు, క్రమం తప్పని ఫిజియోథెరపీ అని ప్రజలకు తెలియజేయడం అందరి బాధ్యత.