సరంగు లేని యుద్ధనౌకలు

2024 జనవరి 31, ఫిబ్రవరి 1 తేదీల నడిమి రాత్రి క్రిమియా పశ్చిమతీరమునందలి దొనుజ్లావ్ సరస్సు ప్రాంతమున రష్యా నౌకాదళమునకు చెందిన ఇవానొవెత్స్ అను క్షిపణినౌక మునిగిపోయెను. దానిని ముంచినవి యుక్రెయిను వారి చిన్న పడవలు. ఒక్కొక్కదాని పొడవు ఐదున్నర మీటర్లు; వెడల్పు ఒకటిన్నర మీటరు. మన మత్స్యకారుల నాటుపడవకంటె పెద్దవి కావు. వానిలో సరంగు లేడు, కళాసీ లేడు, ప్రాణభయము లేదు. పక్షము దినములు గడవకమునుపే, ఫిబ్రవరి 14వ తేదీన, త్సెజార్ కునికొవ్ అను దిగుబడి నౌకయు, మార్చి 5వ తేదీన సెర్గేయ్ కొతొవ్ అను గస్తీనౌకయు అదే మార్గమున సముద్రగర్భమును జేరినవి. చెప్పుకొనదగిన యుద్ధనౌకయే లేని యొక దేశము, నల్లసముద్రమును తన చెరువుగా నెంచుకొనిన నౌకాదళమును సెవస్తొపోల్ రేవునుండి తూర్పున నొవొరొసీస్క్ వరకు తరిమివేసెను. మూడు వైపుల సముద్రము గలిగి, తీరరేఖ పదునొకండు వేల కిలోమీటర్లని ఇటీవలనే తిరిగి కొలిచి చెప్పుకొనుచున్న మన దేశము ఈ వృత్తాంతమును కేవలము విదేశవార్తగా చదివి పక్కన బెట్టదగదు.

ఇది నిన్నమొన్నటి వింతయని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమునందలి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టియందు ఒక చిన్న యినుపపడవను తీగ లేకుండ రేడియో తరంగములతో నడిపి చూపెను. ఆ యేడు నవంబరు 8వ తేదీన దానికి అమెరికా ప్రభుత్వము పేటెంటు నొసంగెను. దీనిని యుద్ధమునకు వాడవచ్చునని టెస్లాయే చెప్పెను గాని ఆ మాట నాటి నౌకాధికారుల చెవి కెక్కలేదు.

మొదటి ప్రపంచసంగ్రామమున జర్మనులు ఈ పనిని చేతలలో చూపిరి. సీమెన్స్ కంపెనీవారు తయారుచేసిన వేగపుపడవల ముక్కున ఏడువందల కిలోల ప్రేలుడుపదార్థమును నింపి, తీరమునందలి గోపురమునుండి విద్యుత్తీగ ద్వారా వానిని నడిపిరి. పడవ పోవుకొలది చుట్టనుండి తీగ విడుచుచు పోవును. పైన నెగురు విమానము గురి యెటనున్నదో తీరమునకు తెలుపుచుండును. 1917 అక్టోబరు 28న బెల్జియము తీరమున బ్రిటిషువారి ఎరిబస్ అను యుద్ధనౌకను అట్టి పడవ తాకెను. నౌక పార్శ్వమున కవచముగా కట్టిన ఉబ్బు ఆ దెబ్బను తాను భరించుటచే ఎరిబస్ మునుగక బయటపడెను. అయినను నేటి నల్లసముద్రపు పడవకు ముత్తాత ఇదియే యనుట కభ్యంతరము లేదు.

పాత నౌకలను మార్చి మనుష్యులు లేకుండ నడుపు విద్య ఆ సంగ్రామము ముగిసిన వెనుక పెరిగెను. దానికి కారణము విచిత్రమైనది. ఫిరంగివాండ్రకు గురి నేర్పుటకు కదలాడు నిజమైన ఓడ కావలెను, దానిలో మనుష్యులుండరాదు. బ్రిటిషువారు 1920-21 సంవత్సరములలో అగమెమ్నాన్ అను యుద్ధనౌకను ఇట్లు మార్చిరి. తురుష్కసామ్రాజ్యము 1918లో ముద్రోస్ రేవున యుద్ధవిరమణపత్రముపై చేవ్రాలు చేసినది ఈ ఓడ మీదనే. అంతటి గౌరవము పొందిన నౌక రెండేండ్లకే దిక్కులేక గురిదిమ్మ అయ్యెను! అమెరికావారు మొదట అయోవాను, పిదప యూటా నౌకను ఇదే పనికి మార్చిరి. 1946లో బికినీ దీవియొద్ద అణుబాంబు పరీక్షలు జరిగినపుడు, మనుష్యుడు పోగూడని విషజలములలోనికి పోయి నీటి నమూనాలు తెచ్చినవి గూడ ఇట్లు మార్చబడిన దిగుబడి పడవలే. 1980 ప్రాంతమున పశ్చిమజర్మనీవారు ఒక్కొక్క మాతృనౌకకు మూడేసి పడవల చొప్పున మొత్తము పదునెనిమిది మనుష్యరహితపు పడవలను సమకూర్చి, సముద్రపు మైనులను తమ దేహములతోనే ప్రేల్చు పద్ధతిని సాధించిరి. ఇన్నిటియందును ఒక్క సూత్రమే యున్నది: ఎచట ప్రాణము పోవునో అచటికి ప్రాణములేని దానిని పంపుట.

ఇక నిర్మాణవిషయమునకు వత్తము. ఉన్న పడవను మార్చుట సులువని పైకి తోచును. చుక్కానికొక మోటారు, ఇంజను వేగమునకొక మీట, పైన రాడారు, నాలుగు కెమెరాలు, ఒక యాంటెన్నా, దిక్సూచి, ఉపగ్రహములనుండి స్థానము తెలుపు పరికరము. ఇంతవరకు ఏ మంచి పట్టణపు మెకానిక్కుకైనను అసాధ్యము కాదు. 2022 సెప్టెంబరులో సెవస్తొపోల్ తీరమునకు కొట్టుకొనివచ్చిన మొదటి యుక్రెయిను పడవను పరిశీలించినవారు, దాని తోపుడు యంత్రము విలాసార్థము నడుపు నీటిస్కూటరునుండి తీసినదిగా గుర్తించిరి.

కష్టమంతయు ఆ తరువాత నున్నది. ఓడలో నావికుడు చేయుపని యెంతయో అతడు లేనపుడే తెలియును. ఇంజనును చల్లబరచు సముద్రపునీటి జల్లెడకు నాచు అడ్డుపడును; అతడు చేయిపెట్టి తీసివేయును. డీజిలు వడపోతగుడ్డ మూసుకొనును, మార్చును. అడుగున నీరు చేరును. పంపు నడవకున్న బాల్చీతో తోడును. బెల్టు కీచుమన్న చెవితోనే కనిపెట్టును. కాలువాసన వచ్చిన ముక్కుతో కనిపెట్టును. ఈ కన్ను, చెవి, ముక్కు, చేయి నాలుగింటికిని బదులు సమకూర్పవలెను. వడపోతలు రెండేసి, పంపులు రెండేసి, విద్యుత్తుదారులు రెండేసి అమర్చి, ఒకటి చెడిన రెండవది తనంత తానే అందుకొనునట్లు చేయవలెను. పదిగంటలలో గురిని తాకి ప్రేలిపోవు పడవకు ఇది అక్కరలేదు. నెలలకొలది సముద్రముపై తిరుగవలసిన నౌకకు ఇదియే ప్రాణము. ఈ భేదమును గుర్తింపక రెండింటిని ఒకే పేరుతో పిలుచుటవలన వాదములు చెడుచున్నవి.

మార్చిన నౌకకు ఇంకొక లోపమున్నది. నావికుడు దిగిపోయినను అతని యిల్లు దిగిపోదు. గదులు, మెట్లు, వంటశాల, మంచినీటితొట్టెలు, కిటికీలు అన్నియు వృథాబరువుగా నిలిచియుండును. ఎత్తైన చుక్కానిగది రాడారునకు చక్కని గురి యగును. మొదటినుండియే మనుష్యుని తలంపు లేక గీసిన నౌకకు ఈ బాధలు లేవు. అది నీటిమట్టమున కొంచెముగా పైకి తేలుచు, తలుపులు లేని పెట్టెవలె నుండవచ్చును. కెరటము కొట్టినపుడు మనుష్యుని వెన్నెముక ఓర్చుకొనలేని కుదుపును ఇనుము ఓర్చుకొనును. అమెరికావారు 2025 ఆగస్టులో నామకరణము చేసిన డిఫయంట్ అను నూట ఎనుబది యడుగుల నౌకయందు మనుష్యుడు నిలుచుటకు చోటే లేదు. అయినను మార్పిడికిని దాని విలువ దానికున్నది. తైలబావులకు సామగ్రి చేరవేయు వేగనౌకను మార్చి రేంజర్ అని పేరిడి, 2020 అక్టోబరులో పనామా కాలువమీదుగా కాలిఫోర్నియా వరకు 4,700 సముద్రపు మైళ్లు నడిపిరి. అందు నూటికి తొంబదియేడు పాళ్లు యంత్రమే తన దారి తాను చూచుకొనెనని వారి రక్షణశాఖ ప్రకటించినది. సాఫ్టువేరును పరీక్షించుటకు కొత్తనౌక అయిదేండ్లకు తయారగువరకు వేచియుండనక్కరలేదని దీనివలన తేలినది.

మా పాఠకులలో పొలము పుట్ర గలవారు ఇంటియొద్దనుండియే సెల్‌ఫోనుతో బోరుమోటారును నడుపుచున్నారు. సిగ్నలు తప్పినచో ఏమగును? మోటారు నడుచుచుండును, లేదా ఆగియుండును. మహా అయిన మడి నిండి పొరలును. మందుగుండు నింపిన పడవకు నడిసముద్రమున సిగ్నలు తప్పిన నాడు ఏమి చేయవలెను? ఆగవలెనా, తిరిగిరావలెనా, ఎదుటనున్నదానిని తాకవలెనా? ఈ ప్రశ్నకు జవాబు పడవను కట్టకమునుపే నిర్ణయింపవలెను. దేశస్వాతంత్ర్యమునకును ఈ ప్రశ్నకును దగ్గరి సంబంధము కలదు.

యుక్రెయిను పడవలు దూరమునుండి నడుచుట కాధారము స్టార్‌లింకు అను అమెరికను కంపెనీ ఉపగ్రహములు. సెవస్తొపోల్ వరకు ఆ సేవను తెరువుమని ప్రభుత్వాధికారులు అత్యవసరముగా కోరిరనియు, తా నంగీకరింపలేదనియు ఆ కంపెనీ యధిపతి ఎలాన్ మస్క్ 2023 సెప్టెంబరులో స్వయముగా ప్రకటించెను. అతని నిర్ణయము తప్పా ఒప్పా యనుట మా కక్కరలేదు. ఒక దేశపు నౌకాదళము దండెత్తవలెనా వలదా యనుటను పరదేశమునందలి యొక వర్తకుడు తన గదిలో కూర్చుండి తేల్చినాడు. మనకు పడవలుండి, వాని కళ్లెము పరులచేతనున్న నాడు మనకు నౌకాదళ మున్నదనుట మాటవరుసయే యగును.

ఈ పాఠము మనకు కొత్త కాదు. మన సొంత స్థాననిర్దేశక ఉపగ్రహమాలయగు నావిక్‌లోని మొదటి ఉపగ్రహమున, ప్రాణమువంటి మూడు పరమాణుగడియారములును చెడిపోయినవి. అవి దిగుమతి సరకు. స్వదేశమున చేసిన గడియారముతో మన ఉపగ్రహము 2023 మే 29న శ్రీహరికోటనుండి ఎగిరినది. పడవ తన చోటు తాను తెలిసికొనుటకు మూలము ఆ గడియారమే. కావున సరంగు లేని పడవను గూర్చి మాటలాడువారు ఫైబరు డొప్పను గూర్చికాక గడియారమును, చిప్పును, సంకేతరహస్యమును గూర్చి ముందు మాటలాడవలెను.

డొప్పను చేయువారికి మన తీరమున కరవు లేదు. కోరంగి రేవు ఒకనాడు సముద్రముల దాటు ఓడలను కట్టినది. 1839 నవంబరు ఉప్పెన దానిని తుడిచిపెట్టినను, ఆ పరిసరములందలి తాళ్లరేవులో కొయ్యపడవల పనివారి చేతులనుండి ఆ విద్య పోలేదు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ గారు విశాఖపట్టణమున స్థాపించిన కర్మాగారమునుండి 1948 మార్చి 14న జలఉష నీట దిగెను. ఆ పట్టణముననే తూర్పు నౌకాదళ ప్రధానస్థానమును, 1969లో నెలకొల్పిన నౌకావిజ్ఞాన పరిశోధనశాలయు గలవు. పడవ రూపమును కెరటములలో పరీక్షించు తొట్టెలు అచట నున్నవి. 2023లో నౌకాదళము ఆయుధములు గల స్వయంచాలక పడవల గుంపునకై పూనా నగరపు సాగర్ డిఫెన్సు సంస్థతో ఒడంబడిక చేసికొనెను. 2024 అక్టోబరులో అదే సంస్థవారి మాతంగి పడవ ముంబయినుండి తూత్తుకుడికి పదునైదువందల కిలోమీటర్ల యాత్రకు బయలుదేరినది. రక్షణమంత్రి రాజనాథ్ సింగ్ గారు దానిని సాగనంపిరి. మే మీ యత్నములను మనసార అభినందించుచున్నాము. కాని నల్లసముద్రపు నమూనాను ఉన్నదున్నట్లు తెచ్చిన మన కక్కరకు రాదని గూడ చెప్పవలసియున్నది. అది మూసిన సముద్రము. యుక్రెయిను పడవ పరుగు ఎనిమిది వందల కిలోమీటర్లు. విశాఖనుండి శ్రీవిజయపురము, అనగా మనమెరిగిన పోర్ట్ బ్లెయిరు, పండ్రెండువందల కిలోమీటర్ల దూరమున నున్నది. నడుమ నున్నది నైరుతి కెరటములును, కార్తెలు తప్పక వచ్చు తుపానులును గల బంగాళాఖాతము. మనకు చిన్నపడవలు రేవుల ముఖద్వారములను కాచుటకు చాలును. లోతుసముద్రమునకు నెలలకొలది నిలువగల పెద్దనౌకలే కావలెను. 1971 డిసెంబరులో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖ వాకిటనే మునిగిన సంగతి నెరిగినవారికి రేవును కాచుట యన నేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆత్మరక్షణయు నేర్వవలసియున్నది. ఏలయన ఇది ఒక పక్షమునకే దక్కిన విద్య కాదు. 2017 జనవరిలో యెమెను తీరమున హౌతీలు సౌదీ యుద్ధనౌక అల్ మదీనాను ఇట్టి పడవతో కొట్టిరి. 2025 ఆగస్టులో రష్యావారును డాన్యూబు నది ముఖమున యుక్రెయిను నౌకపై అదే యాయుధమును తిప్పిరి.

చట్టమునందు గూడ చిక్కులున్నవి. 1982 సముద్రన్యాయ ఒడంబడికలోని 29వ అధికరణము యుద్ధనౌక యన సైనికాధికారి ఆజ్ఞలోనుండి, క్రమశిక్షణకు లోబడిన నావికులు గలదని నిర్వచించుచున్నది. నావికుడే లేనిది యుద్ధనౌక యగునా? కానిచో దానిని పరులు పట్టుకొనిపోయిన మనము ఏ హక్కుతో అడుగుదుము? 1972 నాటి ఓడల తాకిడి నివారణనియమములలో ఐదవది, ప్రతి నౌకయు ఎల్లవేళల కంటితోను చెవితోను కాపు ఉంచవలెనని విధించుచున్నది. కెమెరాయు మైక్రోఫోనును ఆ కన్నును చెవియు నగునని వాదించువారు గలరు. పట్టపగలు నడిసముద్రమున అగునేమో. మన సముద్రమున రాత్రివేళ కాకినాడ మొదలు కళింగపట్నము వరకు దీపము సన్నగిల్లిన తెప్పలు, చిన్నపడవలు వేలకొలది తిరుగుచుండును. వానిలో పలువాటికి రాడారున కగపడునంత ఇనుము లేదు. వలలు మైళ్లకొలది పరచియుండును. గంటకు డెబ్బది కిలోమీటర్ల వేగమున దీపము లేక పోవు నల్లనిపడవ ఎదురైన నాడు తప్పుకొనుటకు ఆ బెస్తవానికి వ్యవధి యెక్కడిది? తాకిడి జరిగిన పిదప ఎవరిపై ఫిర్యాదు వ్రాయవలెను? తీరమున మీట నొక్కినవానిపైననా, సాఫ్టువేరు వ్రాసినవానిపైననా?

ఈ ప్రశ్నకు జవాబు దొరకువరకు చేయదగిన పని యొకటి గలదు. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు అరువదియొక్క దినములు తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. వేగపుపడవల రాత్రిపరీక్షలను ఆ దినములందే జరుపవచ్చును. అప్పుడును నాటుతెప్పలు సముద్రముపై నుండును గనుక, పరీక్షాస్థలమును, వేళలను వారమునకు ముందుగ తెలుగునను, ఒడియాలోను, తమిళమునను అచ్చువేయించి ప్రతి రేవుననూ అంటించి, పల్లెలలో దండోరా వేయించవలెను. వల చినిగినను పడవ పగిలినను పరిహారమును ఆ జిల్లా కలెక్టరు ముప్పది దినములలో చెల్లించునట్లు ఉత్తరువు వెలువడవలెను.