పిల్లాడి పక్క సీటుకు పైకం కట్టాలా?

‘మొదటిసారి విమానం ఎక్కుతున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు. టికెట్లు కొన్నాక సీట్లకు మళ్లీ డబ్బు అడుగుతున్నారు. కట్టకపోతే విడివిడిగా కూర్చోబెడతారా?’ చిలుకూరు, కోదాడ వైపు ఇళ్లలో ఇప్పుడు ఈ అనుమానం మామూలైంది.

పిల్లలకు 12 ఏళ్లు దాటకపోతే, నలుగురి టికెట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే, ఆ భయంతో కట్టక్కర్లేదు. 12 ఏళ్ల వరకు పిల్లలకు, అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలను ఆదేశించింది. ‘కనీసం ఒకరు’ అన్నారు, గమనించండి. పిల్లలు అమ్మ దగ్గర, నాన్న పది వరుసల అవతల కూర్చున్నా రూలు పాటించినట్టే.

మరి విడదీయడం ఎందుకు? సైట్లో అందరూ ముందు చూసేది టికెట్ ధర. అది తక్కువగా కనిపించాలి కాబట్టి సామాను, భోజనం, సీటు విడివిడిగా అమ్ముతారు. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఏ320 రకం విమానాల్లో నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లు. కిటికీ పక్కవీ నడవ పక్కవీ ముందే అమ్ముడుపోతాయి. డబ్బు కట్టనివారికి చివరికి మిగిలేవి చాలావరకు మధ్య సీట్లు, అవి ఒక్కో వరుసలో ఒక్కోటి. కోదాడ బస్టాండులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నంత పని ఇది, కాకపోతే ఇక్కడ రుమాలు సంస్థే అమ్ముతుంది. 2018 నవంబరులో ఇండిగో వెబ్ చెక్‌ఇన్‌లో అన్ని సీట్లకూ రుసుము అన్నప్పుడు పెద్ద గొడవే అయింది. విమానాశ్రయంలో ఉచితంగా ఇస్తామని ఆ సంస్థ అప్పుడు సర్దిచెప్పింది.

ఎలా చేయాలి? అన్నదమ్ములు ఎవరి టికెట్ వాళ్లు కొంటే కంప్యూటరుకు మీరు ఒక్క ఇంటివాళ్లని తెలియదు. ఏజెంటు దగ్గర కొన్నా ‘అందరికీ ఒకే పీఎన్ఆర్’ అని అడిగి మరీ చేయించుకోండి. పిల్లల వయసు సరిగా రాయించండి. పిల్లాడికి సీటు దూరంగా వస్తే శంషాబాద్‌లోనో గన్నవరంలోనో కౌంటరు దగ్గరే చెప్పాలి. విమానం ఎక్కాక అడిగితే తోటి ప్రయాణికుల దయే దిక్కు.

డబ్బు పెట్టాల్సింది నా లెక్కలో వేరే వాళ్లకు. కోడలి పురిటికని అమెరికా బయలుదేరే అమ్మానాన్నలకు. 12 ఏళ్ల రూలు వాళ్లను కాపాడదు. దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారాలి, ఇంగ్లిష్ రాదు, మోకాళ్ల నొప్పులు, రాత్రి రెండుసార్లు లేవాలి. ఆయన బీపీ మాత్ర ఆమె సంచిలో ఉంటుంది. ఇద్దరినీ చెరో మూల పడేసే ప్రమాదం ఉన్నప్పుడు సీటు రుసుము దండగ కాదు. నడవ సీటొకటి, దాని పక్కది ఒకటి తీసుకోండి. ఎమర్జెన్సీ తలుపు వరుసలో కాళ్లు చాపుకోవచ్చని ఆశపడొద్దు, ఆపదలో ఆ తలుపు తీయగలిగిన వాళ్లకే అక్కడ చోటు. టికెట్‌లో రెండు సంస్థల విమానాలుంటే ఒకదానికి కట్టిన సీటు డబ్బు రెండోదానికి చెల్లుతుందనుకోవద్దు, రెండు ప్రయాణాలకూ సీటు నంబర్లు వచ్చాయో లేదో చూడండి. విమానం మార్చి సీటు తప్పిస్తే అడగడానికి రుసుము రసీదు ఫోన్లో దాచుకోవాలి.

హైదరాబాద్ నుంచి తిరుపతికి ఏటీఆర్ విమానం దొరికితే ఇంత ఆలోచన వద్దు. అందులో వరుసకు అటు రెండు, ఇటు రెండే. మధ్య సీటన్నదే లేదు.