మగతోడు లేకున్నా గుడ్లు: పెంపుడు ఊసరవెల్లికి 30 సెంటీమీటర్ల ఇసుక

అమెరికాలో పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఊసరవెల్లి ‘వెయిల్డ్’ జాతిది. పుట్టిల్లు యెమెన్, సౌదీ అరేబియా నైరుతి కొండలు. అమెరికాలోని మన తెలుగిళ్లలో పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్నది ఆడదైతే పెద్దలు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెట్టినట్టే ఇదీ పెడుతుంది, 5, 6 నెలల వయసు నుంచే. ఆ గుడ్లలోంచి పిల్లలు రావు. కానీ గుడ్లు బయటపడకపోతే దాని ప్రాణానికే ముప్పు.

ఒక్క విడతలో 20 నుంచి 70 గుడ్లు. 100 గ్రాములు అటూఇటూగా తూగే ఒంటికి అది ఎంత భారమో చూడండి. తిండి, వేడి ఎంత ఎక్కువైతే గుడ్లూ అంత ఎక్కువ. అందుకే ఎదిగిన ఆడదానికి రోజూ కడుపునిండా పెట్టరు. రోజు విడిచి రోజు 3, 4 కీచురాళ్లు చాలు. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 27 డిగ్రీలు సరిపోతాయి. పెరిగే వయసులో మాత్రం కడుపు మాడ్చకూడదు.

గుడ్డు పెంకుకు కావాల్సిన కాల్షియం తిండిలో అందకపోతే ఎముకల్లోంచి పోతుంది. అది తగ్గితే కండరాలకు గుడ్లను బయటికి నెట్టే బలం ఉండదు. కాబట్టి పురుగులపై కాల్షియం పొడి చల్లాలి, అది ఒంటికి పట్టేందుకు యూవీబీ లైటు పెట్టాలి. ట్యూబు వెలుగుతూనే ఉన్నా కాలం గడిచేకొద్దీ అందులో యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు.

అన్నిటికన్నా ఎక్కువమంది మరిచిపోయేది ఇసుక. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు ఉన్న బకెట్‌లో కడిగిన ఇసుకను తడిపి నింపి, గుడ్ల వేళ వచ్చేదాకా ఆగకుండా ఎప్పుడూ గూట్లోనే ఉంచాలి. వేలితో గుచ్చితే పడిన బొక్క కూలకుండా నిలవాలి. కూలిందంటే తడి చాలలేదు. తవ్వేటప్పుడు మనిషి కనిపిస్తే చాలు, పని మానేసి గుడ్లు కడుపులోనే ఆపుకుంటుంది. గూటికి గుడ్డ కప్పి, పక్కనుంచి చిన్న సందులోంచే చూడాలి. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, రాత్రి గుంతలోనే పడుకోవచ్చు. గుంత పూడ్చి తనంతట తాను పైకొచ్చేదాకా కదిలించొద్దు.

గుడ్లకు ముందు కొన్నాళ్లు తిండి మానేసి, గూడంతా కలియదిరగడం మామూలే. పట్టపగలు కళ్లు మూసుకోవడం, కొమ్మ పట్టు జారి అడుగున పడి ఉండటం మామూలు కాదు. కళ్లు లోపలికి పోయినా, మలంతో వచ్చే తెల్లటి ముద్ద నారింజ రంగుకు తిరిగినా ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. పగలు కళ్లు మూసిందంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి రేపటిదాకా ఆగకూడదు. పొట్ట అసలు నొక్కొద్దు, లోపలే గుడ్లు పగులుతాయి. డాక్టరు ఎక్స్‌రే తీసి, కాల్షియం ఇచ్చి, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టర్లందరూ సరీసృపాల్ని చూడరు. చూసేవారి ఫోన్ నంబరు ఇసుక బకెట్ పెట్టిన రోజే రాసిపెట్టుకోవాలి.

గుడ్లు పెట్టాక బాగా నీరు చిలకరించి, కొన్నాళ్లు రోజూ తినిపించి, ఆ తర్వాత పాత కొలతకు రావాలి. 3, 4 నెలల్లో మళ్లీ గుడ్లు రావచ్చు, బకెట్ తీసెయ్యొద్దు.

ఇదంతా విదేశాల్లో చట్టబద్ధంగా పెంచుకునేవారికి. మన పొలాల గట్ల మీద కనిపించే ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టుకున్నా, ఇంట్లో పెంచినా నేరమే.