నల్లమలకు ఏ నెలలో వెళ్దాం?

మన పగిడ్యాలకు ఉత్తరాన కృష్ణ, తూర్పున నల్లమల. సంగమేశ్వరం, బైర్లూటి అడవి, మహానంది, అహోబిలం, బెలుం గుహలు అన్నీ నంద్యాల జిల్లాలోనే ఉన్నాయి. అందుకే హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో బంధువులు దిగితే చాలు, "రెండ్రోజులు సెలవు దొరికింది, అన్నీ చుట్టేద్దాం" అంటారు. కిలోమీటర్ల లెక్కన చూస్తే అది కుదిరే పనే. చిక్కు కాలంతో వస్తుంది. సంగమేశ్వరం గుడి చూడాలంటే శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గాలి. అహోబిలం కోనలు బాగుండాలంటే నీళ్లు పారాలి. అడవిలో జంతువు కనబడాలంటే చెట్టు ఆకు రాల్చాలి. మూడింటికీ ఒకే ముహూర్తం దొరకదు. కాబట్టి సెలవులు చూసుకోకముందే రాయి సంగతి, నీటి సంగతి కాస్త తెలుసుకోవడం మంచిది.

ముందుగా ఒక అపోహ. కొండ కదా, ఎండాకాలంలో చల్లగా ఉంటుందని పిల్లల్ని తీసుకుని మే నెలలో బయల్దేరేవాళ్లు ఏటా ఉంటారు. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుందన్నది నిజమే. సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊటీ రెండు వేల రెండు వందల మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ స్వెట్టరు కావాలి. నంద్యాల ఉన్నది దాదాపు 200 మీటర్ల ఎత్తులో, శ్రీశైలం నాలుగైదు వందల మీటర్లలో. ఆ తేడాకు దక్కేది మహా అయితే రెండు డిగ్రీలు. నంద్యాలలో 43 ఉన్న రోజు శ్రీశైలంలో 41 ఉంటే దాన్ని చల్లదనం అనలేం. పైగా నల్లమల ఆకు రాల్చే అడవి. మాఘం దాటితే నీడ పలచబడుతుంది, బండలు పగలంతా ఎండ తాగి సాయంత్రానికి సెగ కక్కుతాయి. మేలో నల్లమల నడక పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు పనికిరాదు. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఇక రాయి. నల్లమల కొండల్లో ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైట్. ఒకప్పటి సముద్రపు ఇసుక కింద పడి, నొక్కుకుని, వేడికి కరడుగట్టి అలా మారింది. దాని వయసు నూరు కోట్ల ఏళ్ల పైమాటే. హిమాలయాలు లేచి ఐదు కోట్ల ఏళ్లే అయిందంటే నల్లమల ఎంత పాతదో ఊహించుకోవచ్చు. కొన్ని బండల మీద నిలువుగా చూస్తే ఏమీ కనపడదు. పొద్దున ఏటవాలు ఎండలో వంగి చూస్తే వేలెడు వెడల్పున సన్నటి వరుసలు తేలతాయి. లోతులేని నీళ్ల కింద అల ఇసుక మీద గీసిన గీతలు అవి, అలాగే రాయైపోయాయి. చెట్టూ చేమా పుట్టకముందటి అల అది. సెల్ఫీ హడావుడిలో దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోతాం.

మన జిల్లాకు ఇంకో గొప్ప ఉంది, ఎందుకో ఎవరూ చెప్పుకోరు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతపు రాళ్ల మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు. ఈ ప్రాంతపు రాతిపొరలను శాస్త్రవేత్తలు ఇక్కడి ఊళ్ల పేర్లతోనే పిలుస్తారు. అడుగు నుంచి పైకి బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్. బస్సు కండక్టరు స్టేజీలు పిలిచినట్టుంది కదా. ఇంట్లో గచ్చుకు వేసిన నాపరాయి ఈ వరుసలో రెండోది, నార్జి సున్నపురాయి. ఆ రాయిలోనే బెలుం గుహలు ఏర్పడ్డాయి.

వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచటి ఆమ్లమవుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి లక్షల ఏళ్లు కరిగిస్తూ పోతే సొరంగాలు పడతాయి. బెలుంలో గోడలు నునుపుగా, వంపులు తిరిగి ఉండడానికి కారణం ఒకప్పుడు ఆ సొరంగాలను నింపుకుని పారిన నీళ్లే. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు తెరిచింది అందులో ఒకటిన్నర కిలోమీటరు.

గుహ అంటే ఏసీ గదిలా ఉంటుందనుకుని వచ్చినవాళ్లు బెలుంలో చొక్కా తడుపుకుని బయటపడతారు. దీనికి ఒక చక్కటి సూత్రం ఉంది. భూమిలోకి కొన్ని మీటర్లు దిగితే వేసవి ఎండ, శీతాకాలపు చలి రెండూ అక్కడికి చేరవు. అక్కడి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకు దగ్గరగా స్థిరపడుతుంది. చలిదేశాల్లో ఆ సగటు పది డిగ్రీలు, అందుకని అక్కడి గుహలు వణికిస్తాయి. మనకు సగటు 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. దానికి తోడు లోపల తేమ నిండుగా ఉండి గాలి ఆడదు, చెమట ఆరదు. బయట 42 డిగ్రీలున్నా 20 ఉన్నా లోపల పరిస్థితి దాదాపు ఒకటే. కాబట్టి బెలుంను ఏ నెలలోనైనా పెట్టుకోవచ్చు. నూలు బట్టలు, నీళ్ల సీసా చాలు. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లు గుహ అడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగకపోవడం మేలు.

మహానంది కోనేటి రహస్యమూ అదే. ఆ నీరు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటుందని అందరూ అంటారు. నిజానికి నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, మారేది మన ఒంటికి తగిలే గాలి. కొండ మీద కురిసిన వాన రాతి పగుళ్లలో మెల్లగా దిగి, ముందుకు పోవడానికి దారి లేని చోట కొండపాదంలో ఊటగా లేస్తుంది. భూమి లోపల ఎక్కువ కాలం నడిచి వచ్చింది కాబట్టి దానికి ఆ లోపలి వేడే ఉంటుంది, బురద ఉండదు. అడుగున పడిన రూపాయి బిళ్ల కనిపించేంత తేటగా ఉంటుంది. చుట్టూ ఉన్న అరటితోటలు ఆ ఊట చలవే.

సంగమేశ్వరం దగ్గర లెక్క మారుతుంది. పగిడ్యాల పక్కనే ఉన్న కొత్తపల్లి మండలంలోని ఈ గుడి 1981 నుంచి శ్రీశైలం జలాశయంలో మునుగుతూ తేలుతూ ఉంది. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. అది 840 చుట్టుపక్కలకు దిగితే గుడి పూర్తిగా బయటపడుతుంది. చాలా ఏళ్లలో అది మాఘ, ఫాల్గుణాల్లో జరిగి ఆషాఢ, శ్రావణాల్లో మళ్లీ మునుగుతుంది. మన ఊళ్లో చినుకు పడకపోయినా గుడి మునగవచ్చు. కృష్ణకు వరద వచ్చేది మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల్లో పడిన వానకు. అది ఆల్మట్టి, జూరాల దాటి ఇక్కడికి చేరుతుంది. అందువల్ల సంగమేశ్వరానికి తేదీ పెట్టుకునేవాళ్లు మన వాతావరణ సూచన కన్నా పేపర్లో రోజూ వచ్చే శ్రీశైలం నీటిమట్టం చూసుకోవాలి. పగిడ్యాల మండలంలోని ముచ్చుమర్రి ఎత్తిపోతలను కట్టింది కూడా మట్టం బాగా పడిపోయినప్పుడు నీళ్లు తోడుకోవడానికే.

అక్కడ వేపమొద్దు లింగాన్ని చూసి, ఇన్నేళ్లు నీళ్లలో ఉన్నా ఎలా చివకలేదని ఆశ్చర్యపోతారు. కొయ్యను తినే బూజుకు గాలి కావాలి. పూర్తిగా మునిగిన కొయ్యకు అది అందదు. కొయ్యకు చేటు చేసేది తడవడం, ఆరడం మళ్లీ మళ్లీ జరగడమే.

నీళ్లు తీసిన కొత్తలో గుడి చుట్టూ ఒండ్రు ఉంటుంది. పైన ఎండి నెర్రెలిచ్చి గట్టినేలలా కనిపిస్తుంది, అరచేయి మందం పెళ్ల కింద మాత్రం జారుడు బురద. జలాశయం మొదట్లో 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 దగ్గరికి వచ్చింది. ఆ తేడా అంతా ఇలాంటి ఒండ్రే. కారు గట్టు మీదే ఆపి నడవండి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ లేనిదే కాలు పెట్టొద్దు. విశాలమైన నీటి మీద గాలికి అడ్డం ఉండదు, మధ్యాహ్నానికి అల లేస్తుంది. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన నీళ్లు ఇవే.

అహోబిలానికి వాన వెలిసిన కాలం కావాలి. ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్తే దిగువ అహోబిలం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి గుడికి భవనాశి వాగు వెంట దారి. క్వార్ట్‌జైట్ నిలువు పగుళ్ల వెంట దిమ్మలు దిమ్మలుగా ఊడుతుంది, అందుకే ఇక్కడ కొండచరియలు గోడల్లా నిలబడ్డాయి. ఉగ్రస్తంభం అనే ఎత్తైన బండ ఆ ఊడిపోవడంలో మిగిలిన ముక్క. భక్తులకు దాని కథ వేరు, దాంతో మనకు పేచీ లేదు. ఇలాంటి రాతి మీద మట్టి పలచన, నీళ్లు ఇంకే చోటు తక్కువ. పైన గంటసేపు గట్టివాన పడితే చాలు, కింద ఎండగా ఉన్నా వాగు పొంగుతుంది. నీటి వేగం రెండింతలైతే అది కాలిని నెట్టే బలం నాలుగింతలవుతుంది. తేట నీరు ఒక్కసారిగా ఎర్రబడి, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే ఫోటో వదిలేసి గట్టెక్కాలి. భాద్రపదం వెళ్లాక, ఆశ్వయుజ కార్తీకాల్లో వాగు పారుతుంది గానీ విరుచుకుపడడం తగ్గుతుంది.

జంతువుల కోసమైతే ఎండలు ముదరాలి. ఆకు రాలితే చూపు దూరం పోతుంది, వాగులు ఎండితే దుప్పి అయినా పులి అయినా మిగిలిన చెలమల దగ్గరికే రావాలి. ఇది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కాబట్టి బైర్లూటిలోనైనా తుమ్మలబయలులోనైనా అటవీశాఖ జీపులో, వాళ్లు చూపిన దారిలోనే తిరగాలి. పులులు జతకట్టే కాలమని సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఆపేస్తారు. దోర్నాల, శ్రీశైలం రోడ్డు గేట్లు రాత్రి తొమ్మిదికి మూస్తే తెల్లవారి ఆరింటికే తెరుస్తారు. ఆత్మకూరు నుంచి సాయంత్రం దాటాక బయల్దేరి దారిలో టీలు, టిఫిన్లు అంటూ ఆగితే గేటు దగ్గరే తెల్లారుతుంది. లోపల చాలా చోట్ల ఫోన్ పలకదు. వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి పాత కాలిబాట ఉంది. ఉగాదికి ముందు కన్నడ భక్తులు వేల మంది నడిచే దారి అది. నడవాలనిపిస్తే ఆ రోజుల్లోనే, అనుమతి ఉన్నప్పుడే, జనంతో కలిసి నడవండి. విడి రోజుల్లో ఆ సాహసం వద్దు.

ఒక్కసారే రాగలం, ఏ నెల చెప్పండి అంటే నా ఓటు కార్తీకానికి. అహోబిలం, మహానంది, బెలుం మూడూ హాయిగా చూడొచ్చు, సఫారీ కూడా తెరిచే ఉంటుంది. సంగమేశ్వరుడు మాత్రం అప్పుడు నీళ్ల అడుగునే ఉంటాడు. ఆయన్ని చూడాలంటే ఫాల్గుణంలో మరోసారి రావాల్సిందే. బయల్దేరే ముందు రోజు పేపర్లో శ్రీశైలం మట్టం చూసుకోండి.